మా మామ పళ్లు, మా గల్లీ కుక్క బలం

ఆర్మూర్‌లో మా మామకు, అంటే మా ఆయన వాళ్ల నాన్నకు, పసుపు అడ్తి దుకాణం. రైతులు తెచ్చిన పసుపును మంచి ధరకు అమ్మిపెట్టడం ఆయన పని. ఆ పనికి కావలసిన పనిముట్లన్నీ ఆయన నోట్లోనే ఉండేవి. రైతు దోసిట్లో చూపించిన కొమ్ముల్లోంచి ఒకటి తీసి, దవడ పళ్ల కింద పెట్టి, కళ్లు మూసుకుని కొరికేవాడు. టక్కుమంటే ఎండినట్టు. చప్పుడు మెత్తగా వచ్చిందా, "ఇంక పచ్చిగనే ఉంది, తీస్కపోయి ఎండవెట్టు" అని పంపేసేవాడు. తేమ చూసే మిషన్ వచ్చాక కూడా ముందు తాను కొరికి, తర్వాత దాని వైపు చూసి, "ఇది గూడ నేను చెప్పిందే చెప్తున్నది" అని మెచ్చుకునేవాడు.

అంత విలువైన నోటిని ఆయన పట్టించుకున్నది లేదు. చిగుళ్లు వాస్తే లవంగం, రక్తం కారితే ఉప్పునీళ్లు, అంతే. దవాఖానకు పోదామంటే, "గింత పసుపు నమిలిన నోటికి రోగమొస్తదా?" అని కసురుకునేవాడు. రోగం ఆ మాట వినిపించుకోలేదు. ఒక్కో పన్నూ ఊగి ఊగి ఊడిపోయింది. డెబ్బై దాటేసరికి నోరు పూర్తిగా బోసిపోయింది.

ఆ తర్వాత ఆయన తిండి చాయ్‌లో నానబెట్టిన బన్ను, పాలలో పిసికిన అన్నం, జావ. ముసలితనం కదా, మెత్తగా తినడమే మంచిదని ఇంట్లో అందరం అనుకున్నాం. చూస్తుండగానే చేతి గడియారం మోచేతి దాకా జారింది. పంచె నడుం మీద నిలవక బెల్టు పెట్టుకున్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయనకు మనుషుల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఎంత పెద్దవాడొచ్చినా గద్దె దిగని మనిషి, ఎవరు గడప తొక్కినా "రా పటేలా, రా" అంటూ వాళ్ల రెండు చేతులూ పట్టుకుని లేచి నిలబడుతున్నాడు. రైతులు మురిసిపోయారు. "సేటుకు వయసు మీదవడ్డంక మంచితనమొచ్చింది" అన్నారు. మంచితనమూ లేదు, మన్నూ లేదు. ఒకరోజు అన్నం డబ్బా తీసుకుని దుకాణానికి పోయి, కాసేపు నిలబడి చూశాను. ఆయన తనంతట తాను లేవలేడు. వచ్చినవాళ్లను పట్టుకుని పైకి లాక్కుంటున్నాడు!

ఈ నాటకం ముప్కాల్ ఊరి నుంచి వచ్చిన రైతు ఒకాయనతో ముగిసింది. పాపం, ఆయన మామకంటే బక్క. మామ చేతులు పట్టుకుని గుంజేసరికి ఇద్దరూ కలిసి పసుపు కుప్ప మీద పడ్డారు. లేచేసరికి ఇద్దరూ నలుగు పెట్టిన పెళ్లికొడుకుల్లా ఉన్నారు. రైతు దులుపుకుని పోయాడు. మామను దవాఖానకు తీసుకుపోయాం.

ఎముకలు బాగానే ఉన్నాయి. డాక్టరు చేతులు ఊనకుండా కుర్చీలోంచి లేవమన్నాడు. మామ కదిలాడు గానీ లేవలేదు. "ఏం తింటున్రు?" అనడిగాడు డాక్టరు. "అన్నీ తింట" అన్నాడు మామ. "జావ" అన్నాను నేను. నోరు తెరిపించి చూసి, డాక్టరు విడమరచి చెప్పాడు. నమలలేనివాళ్లు గుడ్డు, పప్పు, మాంసం మానేసి మెత్తటివాటితో కడుపు నింపుకుంటారు. కండకు కావలసింది అందదు. వయసుతో ఎలాగూ తగ్గే కండ ఇంకా తొందరగా కరిగిపోతుంది. పళ్లు కట్టించుకుని, బలమైన తిండి తిని, రోజూ కూర్చుని లేచే కసరత్తు చేస్తే కాళ్లకు సత్తువ వస్తుందన్నాడు.

బయటికొచ్చాక మామ అంతెత్తున లేచాడు, మాటలతోనే. "కాళ్లు చూపెడ్దామని వస్తే నోరు చూస్తడేంది గీయన?"

మా ఆయన మాత్రం తేల్చి చెప్పేశాడు. "నాయినా, కొత్త పసుపు వచ్చేసరికి నీ అంతట నువ్వు లేసి నిలవడాలె. లేకుంటే దుకాణం బందువెట్టి ఇంట్లనే కూసో. మళ్లొకసారి పడితే తుంటి ఇరుగుతది." మామ మొఖం మాడిపోయింది. దుకాణం లేని మామను నేనూ ఊహించుకోలేను.

కట్టుడు పళ్లు వచ్చాయి. అవి పెట్టుకుని దుకాణంలో కూర్చుంటే మామ పదేళ్లు చిన్నవాడయ్యాడు. కొమ్ములు కొరకొద్దని డాక్టరు చెప్పాడు కాబట్టి చేత్తో విరిచి ఆ చప్పుడు వినేవాడు. నేను రోజూ గుడ్లు, పెసర్లు, వారానికోసారి నాటుకోడి మెత్తగా ఉడికించి చిన్న తునకలు చేసి పెట్టాను. పళ్లెం తుడిచినట్టు ఖాళీ అయ్యేది. కాళ్లలో మాత్రం రవ్వంత మార్పు లేదు. మా గల్లీ కుక్కకు మాత్రం తొడలు బలిశాయి.

మా ఇళ్లలో కోడలు మామ ముందర కూర్చుని తినదు. వడ్డించి అవతలికి పోవాలి. అత్త పోయినప్పటి నుంచి ఆయన ఒక్కడే తింటున్నాడు. ఒకరోజు ఉల్లిగడ్డ పెట్టడం మరిచి మళ్లీ లోపలికి పోయాను. మామ కిటికీలోంచి కోడి తునకలు విసురుతున్నాడు, కింద కుక్క తోక ఊపుతోంది. పళ్ల సెట్టు పక్కనే చేతిరుమాలు మీద ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏంది మామా గిది? పండ్లు తిననీకి చేపిచ్చినమా, చూపెట్టనీకి చేపిచ్చినమా?"

"తింటే అరిగిపోతయ్ బిడ్డా. దుకాణంల పెట్టుకోనీకి ఉండాలె గదా. పండ్లు లేని సేటు మాట ఎవడు నమ్ముతడు?"

నేను ఇంకో నాలుగు మాటలు అనేదాన్నే. ఆయన తల దించుకుని మెల్లగా అన్నాడు. "నములుతుంటే సెట్టు లేస్తది. మెతుకులు మీదవడ్తయ్. పిల్లలు చూస్తే నవ్వుతరని సిగ్గయితది."

నా కోపం ఎటు పోయిందో పోయింది. మర్నాడు నా కంచం కూడా తెచ్చుకుని ఆయన కుర్చీ ముందర నేల మీద కూర్చున్నాను. "గిదేంది బిడ్డా?" అని బిత్తరపోయాడు. "ఆకలైతుంది మామా, తినండి" అన్నాను. మొదట్లో సెట్టు కదిలేది, మెతుకులు పడేవి. నేను చూడనట్టే ఉండేదాన్ని. సెట్టును ఒకసారి డాక్టరు సరిచేశాక ఆయన నోరు కుదురుకుంది. గుడ్డు తిన్నాడు, పెసర్లు తిన్నాడు, కోడి తిన్నాడు. కసరత్తు చేసినంతసేపూ డాక్టరును తిట్టేవాడు గానీ చేసేవాడు. కుక్క రెండు వారాలు కిటికీ కింద కూర్చుని చూసి, పక్కింటికి మారింది.

మార్కెట్ యార్డుకు కొత్త పసుపు రావడం మొదలైంది. ఆ రోజు పల్లీల పొడితో తింటున్నాం. మామ నమలడం ఆపి కళ్లు మూసుకుని, కొమ్ము చప్పుడు విన్నట్టు విన్నాడు.

"బిడ్డా, నువ్వు కుడిదిక్కు నములుతలేవు."

"ఏం లేదు మామా. పన్ను జర గుంజుతది."

"ఎప్పటిసంది?"

నేను పల్లీల పొడి గిన్నె ఆయన వైపు జరిపాను. చాలా ఏళ్లే అయింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ అందరూ తిన్నాక వంటింట్లో తినేదాన్ని. నేను తింటుండగా ఎదురుగా కూర్చున్నది ఈ ఇంట్లో ఆయన ఒక్కడే.

"చెప్పులేసుకో. దవాఖానకు పోదాం" అన్నాడు.

నేను చేయి కడుక్కుని వచ్చి చూసేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరూ పట్టుకోకుండానే లేచి, గుమ్మం దగ్గర నిలబడి, "జల్దీ రా బిడ్డా" అని నన్ను తొందరపెడుతున్నాడు.