మూడు కొండల మెట్లు

1984 మార్చిలో నన్ను చెన్నూరు వైపున్న ఒక బొగ్గు గనికి వెంటిలేషన్ ఆఫీసరుగా బదిలీ చేశారు. గని లోపలికి గాలి సరిగా అందుతున్నదా, ఆ గాలిలో ఏ వాయువులున్నాయి, దుమ్మెంత ఉంది అని కొలవడం ఆ ఉద్యోగం. నా కింద పనిచేసింది ఒక్కడే, లింగయ్య. దుమ్ము నమూనాలు తీసే పంపు మోసేవాడు. అంతకుముందు చాలా ఏళ్లు రాతి సొరంగంలో డ్రిల్లరు. బొగ్గు పొరను చేరడానికి బండను తొలుచుకుంటూ పోయే దారి అది. నీళ్లు పెట్టకుండా పొడిగా తొలిచిన రోజులవి. బండ దుమ్ములో కంటికి కనబడని రేణువులే ఊపిరితిత్తుల్లో నిలిచిపోతాయి.

ఆ చలికాలంలో విశాఖపట్నంలో గనుల భద్రత ప్రదర్శన పెట్టారు. మా పంపు ఎలా పనిచేస్తుందో చూపించడానికి మమ్మల్నిద్దరినీ పంపారు. లింగయ్య తన సంగతి రైల్లో చెప్పాడు. వచ్చే నెలలో అతనికి మెడికల్ ఉంది. గని కార్మికులకు కొన్నేళ్లకోసారి ఛాతీ ఎక్స్‌రే తీసి, పనికి ఫిట్టో అన్‌ఫిట్టో తేల్చే పరీక్ష అది. అతని భార్య రాజవ్వకు గుండె జబ్బు. కంపెనీ ఆసుపత్రిలోనే మందులు, సూదులు.

"నన్ను తీసేస్తె ఆమె దవాఖాన గూడ బందయితది సారూ. గీ ఒక్క మెడికల్ పాసైతె సాలు," అన్నాడు.

ప్రదర్శన ముగిశాక ఒక రోజు ఖాళీ దొరికింది. ఏవేవి చూడాలో నేను ముందే అనుకుని ఉన్నాను: ఓడరేవు కాలువ పక్కన మూడు కొండలు, వాటిమీద చర్చి, దర్గా, వెంకటేశ్వరుడి గుడి. తర్వాత పాతబస్తీలో టౌన్‌హాలు, తెల్లవాళ్ల శ్మశానం.

మొదటి కొండ మీద కొన్ని మెట్లు ఎక్కామో లేదో లింగయ్య ఆగాడు. "గీ చర్చి ఎవలు కట్టిండ్రు సారూ?" గైడు పుస్తకం చదివి వెళ్లాను కనుక వివరంగా చెప్పాను. తల ఊపి మళ్లీ నడిచాడు. తర్వాతి మలుపులో కాలువకు అవతలి కొండ గురించి అడిగాడు, ఆ పైన దీపస్తంభం గురించి. శిఖరం చేరేసరికి ఆ రేవు చరిత్ర నాకు తెలిసినంతా చెప్పేశాను. గనిలోనూ అంతే. వాలుదారి ఎక్కి బయటికి వచ్చేటప్పుడు ఏదో ఒకటి అడిగేవాడు. నేర్చుకోవాలన్న ఆసక్తి అనుకునేవాణ్ని.

దర్గా మెట్ల దగ్గర నిలబడి నవ్వాడు. ఇక్కడ ఏ దేవుడైనా మీదికే ఎక్కించుకుంటున్నాడని, మన బాయే నయమని, ముందుగాల దిగుడుంటదని అన్నాడు. గనిని మావాళ్లు బాయి అనే అంటారు.

మూడో కొండ సగంలో, చర్చి ఎవరు కట్టారని మళ్లీ అడిగాడు. పొద్దున చెప్పిందే మళ్లీ చెప్పాను. కింద కాలువలోకి ఓడ ఒకటి వస్తున్నది. ఓడను అంత దగ్గరగా చూడటం మా ఇద్దరికీ అదే మొదలు. చూడమని చెయ్యి చూపించాను. అతను మిగిలిన మెట్ల వైపే చూస్తున్నాడు. సాయంత్రం టౌన్‌హాలు, శ్మశానం చదునైన వీధుల్లో తిరిగి చూశాం. అక్కడ ఒక్క ప్రశ్నా అడగలేదు. విసుగొచ్చిందనుకున్నాను.

మరుసటి నెల మెడికల్ జరిగింది. ఎక్స్‌రేలో రెండు వైపులా మచ్చలు. అన్‌ఫిట్ అని రాశారు. ఆ ఫిల్ము నేనూ చూశాను. వేరే మాట రాయడానికి వీల్లేదు.

ఆ ఆదివారం లింగయ్య క్వార్టరుకు వెళ్లాను. రాజవ్వ చాయ్ తెచ్చి అడిగింది, "విశాఖల ఏమేం జూసిండ్రు సారూ? గీయిననడిగితె మెట్లు జూసిన అంటడు."

"నిజమే గదనే," అని లింగయ్య నా వైపు తిరిగాడు. "మీరు జెప్పినయి ఒక్కటి యాదికి లేదు సారూ. మీరు మాట్లాడినంతసేపు దమ్ము తీసుకున్న. మూడు గుట్టలెక్కి మీ ముందల పాసైతె డాక్టరు ముందల గూడ పాసైత అనుకున్న. మీ కాడ పాసైన. ఎక్స్‌రే ఫోటువ కాడ తప్పిన."

రాజవ్వ ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

క్వార్టరు ఖాళీ చేసి వాళ్లు వేములవాడ దగ్గర రాజవ్వ తమ్ముడి ఊరికి వెళ్లారు. మరుసటి వానాకాలం రాజవ్వ పోయిందని ఆ వైపు నుంచి వచ్చిన ఒక కార్మికుడు చెప్పాడు. కొంతకాలానికి లింగయ్య వార్త కూడా అలాగే తెలిసింది.

దుమ్ము కొలిచే పంపు గాలిలో ఉన్నది చెబుతుంది. మనిషిలో చేరింది చెప్పదు. ఆ తర్వాత నా ఉద్యోగంలో ఒక పద్ధతి మార్చుకున్నాను. వాలుదారి ఎక్కేటప్పుడు ఎవరైనా ఆగి ప్రశ్న అడిగితే, జవాబు పైకి వచ్చాక చెబుతానని అక్కడే నిలబడి అతని ఊపిరి వినేవాణ్ని. అనుమానం వస్తే మెడికల్ దాకా ఆగకుండా, ముందే దుమ్ము లేని పనికి మార్చమని మేనేజరుకు రాసేవాణ్ని. తొలి దశలోనైతే అలా మార్చిన మనిషికి ఉద్యోగం మిగులుతుంది. లింగయ్య విషయంలో ఆ దశ నేను గనికి రాకముందే దాటిపోయింది.