అతికించిన చెయ్యి

మా పెద్దమ్మ ఆసుపత్రిలో గుమాస్తా. దానంగా వచ్చిన రాతిబొమ్మలు అక్కడి గోదాములో విరిగి పడున్నాయని ఆవిడకి నిద్రపట్టేది కాదు. కాళ్లకి చక్రాలు కట్టుకుని తిరిగి, కసిరినవాళ్ల దగ్గర కూడా చందాలు వసూలు చేసి బాగుచేయించింది. తీరా చూస్తే అందరూ డబ్బిచ్చినవాళ్లే గానీ, బొమ్మలకి చోటిచ్చినవాళ్లు లేరు. ఇక ఆగలేక, చెయ్యి చాపి కూర్చున్న ఆడమనిషి బొమ్మని ఎవరినీ అడక్కుండా ఆపరేషన్ గది బయట బెంచీ పక్కన పెట్టించేసింది.

నెల తిరక్కముందే పెద్ద డాక్టరు విసుక్కున్నాడు.

"కొత్తగా అతికించిన చెయ్యి అప్పుడే జిడ్డోడుతోందేంటమ్మా? తీసేయించండి దాన్ని."

పెద్దమ్మకి చిర్రెత్తుకొచ్చింది.

"లోపల మీరు కత్తి పట్టుకున్నంతసేపూ బయటవాళ్లు పట్టుకుని కూర్చునే చెయ్యండీ అది!"