ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో తాడు

నగర్తపేటలో మేం పనిచేసే బట్టల హోల్‌సేల్ అంగడికి సరుకుగది మూడో అంతస్తులో ఉంది. మెట్లు ఇరుకు. అందుకని గోనెలో బిగించిన బట్టల బేళ్లను గిలక మీదుగా తాడుతో పైకి చేరుస్తాం. పైన అడ్డుకట్ట లేని గడప అంచున నిలబడి లాగేది మా బామ్మర్ది. బేలు గోడకు రాసుకోకుండా దాని అడుగున కట్టిన తోకతాడు పట్టుకుని కింద నిలబడేది నేను. తోకతాడు రెండుసార్లు గుంజితే ఆపమని అర్థం. ఆ వీధిలో అందరిదీ అదే పద్ధతి.

పోయిన ఏడాది మా యజమాని అందరి ఫోన్లలో వాకీటాకీలా పనిచేసే యాప్ వేయించాడు. రింగు ఉండదు. మీట నొక్కి మాట్లాడితే గుంపులో అందరికీ వినబడుతుంది. ఒకరు నొక్కి ఉండగా ఇంకొకరి మాట పోదు.

"ఇంక తాడు గుంజే పని లేదప్పా. నొక్కు, చెప్పు, అంతే," అన్నాడు యజమాని.

"నీ అరుపులు తప్పినాయి బావా నాకు," అని బామ్మర్ది నవ్వాడు.

నేను చదివింది తక్కువ, లెక్కలు సొంతంగా నేర్చుకున్నవే. ఏది చూసినా మనసు లెక్క కట్టుకుంటూ పోతుంది. గుంపులో మేం కొద్దిమందే ఉన్నప్పుడు మాటకు దారి ఎప్పుడూ ఖాళీ. తర్వాత మహదేవపుర గోడౌను వాళ్లు చేరారు, వ్యాన్ డ్రైవర్లు చేరారు. మనుషులు పెరిగేకొద్దీ నాకు అవసరమైన క్షణంలోనే ఇంకెవరో మాట్లాడుతూ ఉండే అవకాశమూ పెరుగుతుంది. చెబితే యజమాని, "సుమ్మనే, ఊరూరికే భయపడతావు," అన్నాడు.

ఒక మధ్యాహ్నం బేలు రెండో అంతస్తు కిటికీ సజ్జ కింద ఇరుక్కుంది. పైవాడికి కనబడదు. బరువనుకుని ఇంకా గట్టిగా లాగుతున్నాడు. తాడు పురి విడుతోంది. తెగితే బేలు వీధిలోకి, వాడు ఎటు తూలతాడో తెలియదు. మీట నొక్కాను. ఫోను కీచుమంది. హూడికి వెళ్లే డ్రైవరుకు యజమాని తాపీగా దారి చెబుతున్నాడు. మళ్లీ నొక్కాను, మళ్లీ కీచు. "ఆపరా!" అని అరిస్తే ఆటో హారన్లలో కలిసిపోయింది. నొక్కడం అలవాటైపోయి, రెండో చేతిలో తాడుందన్న సంగతే తోచలేదు. తోచగానే రెండుసార్లు గుంజాను.

లాగడం ఆగింది. పైన తల కనబడింది.

"ఏమాయ బావా?"

"లాగద్దు! సజ్జ కింద ఇరుక్కొని ఉండాది!"

మెల్లగా దింపాడు. విడిన పురి చూసి ఆ తాడు పక్కన పడేశాం.

సాయంత్రం సంగతి తెలిసి యజమాని వచ్చాడు. "ఏమప్పా, ఈ యాప్ ఉంచేదా, తీసేసేదా?"

"డ్రైవర్లకు ఉండనీ అన్నా. దూరానికి మంచిదే, దీని వాడకం ఇంకా పెరుగుతుంది. తాడు పనికి మాత్రం వద్దు," అన్నాను.

"తాడుకు వేరే గుంపు చేస్తా. మీరిద్దరూ, నేనూ."

"నువ్వుంటే మాకు దారి దొరికినట్లే అన్నా, మాట్లాడేదంతా నువ్వే కదా," అన్నాడు బామ్మర్ది.

యజమాని నవ్వి తప్పుకున్నాడు. ఇప్పుడా గుంపులో మేమిద్దరమే. అయినా రోజూ మొదటి బేలు కట్టగానే, సైగ పైకి అందుతోందో లేదో చూడ్డానికి తోకతాడు రెండుసార్లు గుంజుతాను. "తెలిసింది, చాలు బావా," అని ఫోనులో వాడి గొంతు వస్తుంది. పైనుంచి వాడు తాడు కదిపి జవాబిచ్చేదాకా బేలును నేలమీంచి లేవనివ్వను.