కాచిన నీళ్ళు

కొండమీద పశువులు కాసేవాళ్ళు ఆమెను సీసాలమ్మ అనేవారు. వీపున సంచీ, సంచీ నిండా సీసాలు. ఎదురుపడ్డ ప్రతి కాపరీ "అందులో మాకేమైనా చుక్క పోస్తావా అమ్మా?" అని అడిగేవాడు. ఆమె ఉద్యోగంలో చేరిన నాటినుంచీ నడుస్తున్న హాస్యం అది. "వాగు నీళ్ళే నాయనా, ఎంత తాగినా ఎక్కవు" అనేది ప్రతిసారీ. ఇంకో జవాబు వెతుక్కునే ఓపిక ఉండేది కాదు.

పని చెప్పుకోవడానికి చిన్నది. వాగుల్లో నీళ్ళు పట్టి కింద ఊళ్ళో ల్యాబుకు చేర్చాలి. మేతభూముల్లో పేడా పంచితం నేలలో ఇంకి, నైట్రేట్‌గా మారి, వానలకు వాగులో కలుస్తాయి. రంగుండదు, వాసనుండదు. పెద్దవాళ్ళు తాగినా పైకేమీ తెలియదు. పసిబిడ్డల నెత్తురు మాత్రం ప్రాణవాయువును మోయలేకపోతుంది. ఈ ముక్క ప్రతి గుమ్మం ముందూ చెప్పీ చెప్పీ ఆమె గొంతు అరిగిపోయింది.

ఆమె తమ్ముడి మంద కూడా ఆ కొండమీదే. రాత్రిళ్ళు ఆవుల్ని తోలే దొడ్డి సరిగ్గా వాగు మొదలయ్యే, వాళ్ళు నీళ్ళు తెచ్చుకునే ఊటకు ఎగువన ఉండేది.

"దొడ్డి అవతలికి మార్చరా" అంటే, "ఊరందరికీ చెప్పడం అయిపోయి నా మీద పడ్డావా అక్కా? ఆ రాళ్ళన్నీ ఊడబెరికి మళ్ళీ గోడ కట్టాలంటే నా నడుం మిగలాలా వద్దా?" అనేవాడు.

ఆమె మోకాళ్ళు పట్టుకుని గట్టుమీద కూర్చునేది. వాడితో వాదించడం కంటే కొండ దిగడమే తేలిక.

ఆ వానాకాలం తమ్ముడికి కూతురు పుట్టింది. మరదలికి జ్వరం తగిలి పాలు ఎండిపోయాయి; డబ్బాపాలు తప్పలేదు. ఒక సాయంత్రం ఆమె కొండంతా తిరిగి వచ్చి, వాళ్ళ గడపమీద కూలబడి బూట్లు విప్పుకుంటుంటే, తమ్ముడి దగ్గరే ఉంటున్న తల్లి అడిగింది.

"పిల్లకి పాలు ఎలా కలపమంటావే?"

"నీళ్ళు బాగా కాచి కలపండమ్మా."

లోకమంతా అనే మాటే. ఆ మాట అని, రెండో బూటు విప్పకుండానే గోడకు జారబడి కునుకు తీసింది.

కొన్నాళ్ళకు ఆమె మళ్ళీ వచ్చేసరికి బిడ్డ ఉయ్యాలలో మూలుగుతోంది. పెదవులు నేరేడుపళ్ళు తిన్నట్టున్నాయి.

"చలికి వదినా" అంది మరదలు. "నిన్నటినుంచీ ఇంతే. ఎంత కప్పినా రంగు మారడం లేదు."

"పాలు ఏ నీళ్ళతో కలుపుతున్నారు?"

తల్లి పొయ్యిగట్టు మీది గిన్నె చూపించింది. "ఇవిగో. చెంబెడు పోసి గ్లాసెడు మిగిలేదాకా కాస్తున్నా. నీ మాట జవదాటితే ఒట్టు."

ఆమె సంచీలోంచి పరీక్ష కాగితం తీసి చల్లారిన ఆ నీళ్ళలో ముంచింది. వాగులో ముంచితే లేత గులాబీరంగుకు తిరిగే కాగితం ఇక్కడ ముదురెరుపు తిరిగింది. కాచితే క్రిములు చస్తాయి. నైట్రేట్ చావదు; నీళ్ళు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. కొండంతా చెప్పుకొచ్చిన మనిషి సొంతవాళ్ళ గడపలో ఒళ్ళలిసి ఆ మాటే మరిచిపోయింది.

"పారబొయ్యమ్మా. తప్పు నాదే. ఒరేయ్, జీపు మాట్లాడు. ఆసుపత్రికి పోవాలి."

"మీ ఇద్దర్నీ కాచిన నీళ్ళతోనే పెంచానే..." అంది తల్లి. మనవరాలి పెదవుల వైపు చూసి, గిన్నె ఎత్తి నీళ్ళు పారబోసింది.

డాక్టరుకు నీళ్ళ సంగతి చెప్పగానే నెత్తురు తీయించాడు. అది ఎర్రగా లేదు, కాఫీ డికాక్షన్‌లా ఉంది. మందు ఎక్కించారు. లోపల బిడ్డ ఆకలేసి గుక్కపట్టి ఏడ్చేదాకా, వరండా బెంచీమీద అక్కాతమ్ముళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"కాచమన్నది నువ్వు" అన్నాడు తమ్ముడు.

"నేనే."

"దొడ్డి కదపనిది నేను."

ఆమె బెంచీమీద వాడి వైపు జరిగింది.

"దొందూ దొందే" అన్నాడు వాడు. నవ్వబోయాడు గానీ రాలేదు. "రేపే కదుపుతా. నీళ్ళు ఎప్పటికి బాగుపడతాయక్కా?"

"నేలలోకి దిగింది కడుక్కుపోవాలిగా. ఎన్ని వానలు పడాలో! ఏళ్ళు పట్టొచ్చు. అందాకా పిల్లకి అవతలి వాలు ఊటనీళ్ళే."

"రోజూ అంత దూరమా? ఎవరు తెస్తారు?"

ఆమె లేవబోయి, మోకాలు సహకరించక మళ్ళీ కూర్చుంది.

"కూర్చో, కూర్చో" అన్నాడు తమ్ముడు. "నువ్వు తెచ్చేసరికి దానికి పెళ్ళీడొస్తుంది. నేను తెస్తాలే."

దొడ్డి కదిలింది. వాగు పూర్తిగా తేరడం మాత్రం ఆమె చూడలేదు. అంతకు ముందే పోయింది. వాగు తేరినా తమ్ముడు ఇప్పటికీ పొద్దున్నే అవతలి వాలుకు వెళ్ళి రెండు బిందెలు తెస్తాడు. దారిలో ఒకటికి రెండుసార్లు ఆగి, బిందెలు దించుకుని, ఊపిరి తీసుకుంటాడు.