మాదుమార్ ఆవులో ఏడో వాటా

బురుల్‌సున్ డాక్టరు కాదు. ఆ మాట ముప్పై ఒక్క ఏళ్లుగా ఊరికి చెబుతూనే ఉంది, ఊరు చెవిన పెట్టలేదు. తాష్-బెల్ ఊళ్లోని ఒంటిగది వైద్యశాలలో టీకాలు వేసేదీ, కుట్లు కుట్టేదీ, చలికాలం పొయ్యి రాజేసేదీ, గుమ్మం ముందు మంచు ఊడ్చేదీ ఆమే. ఇవి కాక తిట్టడం ఒకటి. దానికి జీతం లేదు కానీ రోజులో సగం పొద్దు దానికే సరిపోయేది.

తిట్టక ఏం చేస్తుంది పాపం! పంటినొప్పికి వోడ్కా పుక్కిలించమంటే ఒకడు సీసా మొత్తం మింగి వచ్చాడు. పిల్ల దగ్గుకు వారం రోజుల మాత్రలిస్తే ఒక తల్లి రెండు రోజులు వేసి, మిగతావి తోడికోడలి పిల్లకు పంచింది. రక్తపోటు మాత్రలు ఏమయ్యాయని ఒక ముసలాయన్ని అడిగితే, గుర్రం నీరసంగా ఉందని దానికి పెట్టానన్నాడు. పైగా గుర్రం తేరుకుందని మెచ్చుకున్నాడు కూడా. ఇలాంటి జనం మధ్య ఎవరికైనా గొంతు పెరుగుతుంది. బురుల్‌సున్ గొంతు వాగు అవతలి గట్టుకు కూడా వినిపించేది.

ఆగస్టు నెలాఖరున సాతిబల్ది అనే ఊరివాడు వైద్యశాలకు వచ్చాడు. వచ్చింది తన కోసం కాదు, తల్లి కళ్లలో వేసే చుక్కల మందు కోసం. మందు అందుకోవడానికి చెయ్యి చాపినప్పుడు అతని బొటనవేలి పక్కన ఆమెకు ఒక పుండు కనబడింది. నడుమ గుంటపడి బొగ్గులాంటి పెచ్చు, చుట్టూ నీటి పొక్కులు, మణికట్టు దాటిన వాపు. నొక్కితే నొప్పిగా ఉందా అని అడిగింది. అస్సలు లేదన్నాడు.

నొప్పి లేదన్న మాటకే ఆమె భయపడింది. మామూలు పుండైతే అంత వాపుకు మనిషి నిద్రపోడు. ఇది దొమ్మ. పశువుల నుంచి మనిషికి అంటుకునే రోగం. పాతవాళ్లు దాన్ని ‘కాల్చేది’ అంటారు, పేరెత్తడానికి కూడా జంకుతారు. ఆమె ఉద్యోగంలో చేరిన ఏడాది మెడ మీద ఇలాంటి పుండుతోనే ఒక గొర్రెల కాపరి వచ్చాడు. పుండుదేముందిలే అని అతను కొండెక్కి వెళ్లిపోయాడు. విషం రక్తంలోకి ఎక్కాక గుర్రం మీద కట్టి దింపారు. దార్లోనే పోయాడు.

ఏ పశువును కోశావని సాతిబల్దిని అడిగింది. ఏదీ కొయ్యలేదు, ముల్లు గీసుకుందన్నాడు. ఆ పూటే అతని పక్కింటివాళ్లను చూడబోతే వాళ్లబ్బాయి మోచేతి మీద కూడా అదే నల్ల పెచ్చు. అతనికీ ముల్లేనట. పిండిమర నడిపేవాడి చూపుడు వేలికీ ముల్లేనట. ముగ్గురూ కూడబలుక్కున్న సంగతి కట్టు విప్పకముందే తెలిసిపోతోంది. ఊళ్లో ముళ్లన్నీ ఒకే వారంలో పదునెక్కాయా అని బురుల్‌సున్ వీధిలో నిలబడి అరిచింది. కిటికీల తెరలు కదిలాయి. తలుపు మాత్రం ఒక్కటీ తెరుచుకోలేదు.

ఎందుకు దాస్తున్నారో ఆమెకు తెలియంది కాదు. దొమ్మ అని తేలితే పశువైద్యుడు వస్తాడు, దారికి అడ్డుకర్ర పడుతుంది, సంతకు ఒక్క గొర్రె కూడా కదలదు. శీతాకాలం ముందు ఏ ఊరూ అది కోరుకోదు. కానీ ఆ పశువును ముట్టుకున్నవాళ్లెవరో తెలిస్తే మందుబిళ్లలతో పోయే రోగమిది. తెలియకపోతే వాళ్లలో ఒకరు చస్తారు. ఆమె చేతిలో ఉన్నది ఒకటి రెండు రోజులు. జిల్లా ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పింది. తెల్లారి బండి పంపుతామనీ, ఈలోపు పచ్చి మాంసం ముట్టుకున్న ప్రతివాళ్ల పేరూ రాసి పెట్టమనీ అన్నారు.

అడగ్గా అడగ్గా పిండిమరవాడి పెళ్లాం నోరు జారింది. ఆవు మాదుమార్‌ది.

మాదుమార్‌కు అరవై ఐదేళ్లు. ఊళ్లో నలుగురూ గౌరవించే మనిషి, వాకిట్లో అరుగు మీద టీ పోసుకుని కూర్చున్నాడు. బురుల్‌సున్ గేటు తోసుకుని వచ్చేసరికి తలపాగా సర్దుకుని, కూర్చో చెల్లీ అంటూ రొట్టె జరిపాడు. ఆమె కూర్చోలేదు. ఆ రొట్టె ముక్క నోట్లో వేసుకోకపోవడం ఆ ఊళ్లో చెంపదెబ్బతో సమానం. ఆయన ముఖం వాడిపోయింది.

అప్పుడు చెప్పాడు. వసంతంలో వరదొచ్చి పాత పశువుల గొయ్యి గట్టు కోసుకుపోయింది. ఎప్పుడో తాతల కాలంలో జబ్బు పశువులను పూడ్చిన చోటది. ఆ మట్టిలో పచ్చిగడ్డి ఏపుగా లేచింది, ఆవు అక్కడ మేసింది. ఏటా వేసే టీకా దీనికి పడలేదు. టీకా వేస్తే పాలు ఎండిపోతాయని పశువైద్యుడు వచ్చిన రోజున ఆవును చావిడి వెనక దాచాడు. పది రోజుల కిందట అది ఉన్నట్టుండి మోకాళ్ల మీద కూలింది. ఊపిరి ఆగాక కోస్తే తినడానికి పనికిరాదు. అందుకే ప్రాణం ఉండగానే కత్తి పెట్టాలని కేకేశాడు. చుట్టుపక్కల మగాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఆ తొందరలో ఆవుకు ఏమైందని ఒక్కడూ అడగలేదు. అడిగితే వాడే మర్యాద తెలియనివాడు.

"రక్తం ఎలా ఉంది, అన్నా?"

"నల్లగా ఉంది. ఎంతసేపటికీ గడ్డకట్టలేదు."

"అది చూసి కూడా కోశారా?"

"సగం తోలు ఒలిచాక ఎక్కడాపుతాం, చెల్లీ? జనం వచ్చేశారు. వచ్చినవాళ్లని ఉత్త చేతుల్తో పంపితే నా పరువేం కావాలి?"

మీ పరువును తీసుకెళ్లి ఆ గోతిలోనే పూడ్చుకోండి అని బురుల్‌సున్ అన్నది. ఆ మాట వీధి చివరి వరకూ వినిపించింది. తిట్టి తిట్టి ఊపిరి తీసుకుని, ఎంతమంది పని చేశారని అడిగింది. ఆయన వేళ్లు మడిచి చెప్పాడు. తనతో కలిపి ఆరుగురు, ఆరు వాటాలు. ఆరు పేర్లూ రాసుకుంది.

మర్నాడు జిల్లా బండి వచ్చింది. పొక్కు కింది నీరు తీసి పరీక్షకు పంపారు, ఆరుగురికీ మందు మొదలుపెట్టారు. సూక్ష్మదర్శిని కింద క్రిములు గొలుసుల్లా కనబడ్డాయని సాయంత్రానికి కబురొచ్చింది. అనుమానం లేదు, దొమ్మే. బురుల్‌సున్ చేతులకు తొడుగులు వేసుకుని, పశువైద్యుడితో ఇల్లిల్లూ తిరిగి మిగిలిన మాంసం గోనెసంచుల్లోకి ఎత్తించింది. ప్రతి ఇంట్లో ఒకటే గొడవ. మూడు గంటలు ఉడికించాం, తిన్నాం, మాకేం కాలేదు కదా అని. తిన్న కడుపు కన్నా కోసిన చెయ్యికే ముందు ముప్పు, ఉడికించేలోపు ముక్కలు చేసింది ఎవరని ఆమె అడిగేది. మనిషి నుంచి మనిషికి అంటదు, వాళ్లను దూరం పెట్టకండి అని కూడా చెప్పేది. పుండు చిదమొద్దు, కొయ్యొద్దు అంటుండగానే ఒక ముసలమ్మ కొడుకు వేలి మీద గరిటెతో వేడి కొవ్వు పెట్టబోయింది. బురుల్‌సున్ ఆ గరిటె లాక్కుని ఇంటికి పట్టుకుపోయింది.

గొయ్యి దగ్గర మాంసం తగలబెట్టే వేళకు మాదుమార్ వచ్చాడు. సంచుల వంక చూసి, అంతేనా, ఇంకోటి రావాలే అని నసిగాడు.

"ఆరు వాటాలేగా అన్నారు?"

"పని చేసినవాళ్లకి ఆరు. నీకు పంపింది వాటా కాదుగా. పక్కటెముకలు మీ కోడలి చేతికిచ్చాం. నువ్వా రోజు జిల్లాలో శిక్షణకి పోయావు. మాకు కుట్లు వేసి కాపాడేదానివి, నీకు పెట్టకుండా మేమెలా తింటాం? ప్రేమగా పంపింది వాటాలో కలుపుతామా, చెల్లీ?"

బురుల్‌సున్ తన ఇంటి లెక్క వేసుకుంది. మొగుడూ కొడుకూ ఎండాకాలం మేతకు గొర్రెలతో కొండ మీద ఉన్నారు. ఇంట్లో ఉన్నది తనూ కోడలు ఐచురెకూ. శిక్షణ నుంచి వచ్చిన రాత్రి కోడలు మాంసం ఉడికించి, పిండి రేకులు కలిపి పెట్టింది. మాంసం భలే మెత్తగా ఉందని తనే మారు వడ్డించుకుంది. ఎక్కడిదని అడిగితే పొరుగువాళ్లు పంపారని కోడలు చెప్పింది. మాంసం వచ్చిన ఇంట్లో అంతకన్నా అడగరు, ఆమె కూడా అడగలేదు.

ఇంటికి పరుగులాంటి నడకతో వెళ్లింది. ఐచురెక్ పెరుగు వడగడుతోంది. ఎండలో కూడా పొడుగు చేతుల గౌను. ఆమె చెయ్యి పట్టుకుని బురుల్‌సున్ గౌను చేతి మడత పైకి లాగింది. మణికట్టు లోపలి వైపు గుడ్డ కట్టు, దాని కింద నల్ల పెచ్చు. వాపు మోచెయ్యి దాటింది. ఒళ్లు కాలిపోతోంది.

జిల్లా బండి ఇంకా ఊళ్లోనే ఉండడం అదృష్టం. దారంతా బురుల్‌సున్ కోడలి నాడి పట్టుకునే కూర్చుంది. ఇంకొక్క రోజు ఆలస్యమైతే విషం రక్తంలోకి ఎక్కేదని ఆసుపత్రిలో చెప్పారు. ఆ మాంసం కడిగిందీ తరిగిందీ ఐచురెకే. అప్పటికే మణికట్టు మీద గీరుకున్న చోటి నుంచి రోగం లోపలికి దారి చేసుకుంది. నాలుగు రోజులు నరానికి మందు ఎక్కించాక జ్వరం దిగింది. వాపు తగ్గుముఖం పట్టింది. బురుల్‌సున్ ఆ నాలుగు రోజులూ మంచం పక్కనే ఉంది. తను కూడా మందుబిళ్లలు వేసుకుంది. వేసుకుంటూ ఒక్కసారి కూడా ఎవర్నీ ఏమీ అనలేదు. నర్సులకు అదే వింతగా తోచింది.

అయిదో రోజు పొద్దున ఐచురెక్ లేచి కూర్చుని టీ తాగింది. బురుల్‌సున్ అప్పుడు అడిగింది.

"నాకెందుకు చెప్పలేదే? ఒకే గుమ్మం, ఒకే పొయ్యి. వీధంతా తిరిగి ఆ పుండు కోసమే కదా నేను వెతుకుతున్నాను?"

"మీరు వీధిలో వాళ్లను తిట్టడం విన్నాను, అత్తయ్యా. అప్పటికే కట్టు కట్టుకున్నాను. మన ఇంట్లోనూ అదే మాంసమని, మీరు కూడా తిన్నారని తెలిస్తే ఊళ్లో తల ఎలా ఎత్తుకుంటారని భయమేసింది. మిమ్మల్ని చూసినా భయమేసింది."

ఆ ముగ్గురు మగాళ్లు ముల్లు అన్నది కూడా తన గొంతుకు జడిసే కావచ్చని బురుల్‌సున్‌కు మొదటిసారి అనిపించింది.

"మళ్లీ ఇలాంటిదేదైనా వస్తే ముందు నాకే చెప్పు. ఎవరేమనుకుంటే నీకెందుకు?"

"చెబితే తిట్టకుండా ఉండగలరా?"

బురుల్‌సున్ నిజాయితీగా ఆలోచించింది.

"ఉండలేను. తిడతాను. అయినా చెప్పు."