ప్రసన్నలక్ష్మి తీసిన చీటీ

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ బట్టల షాపుకు వచ్చే ఆడవాళ్లలో సగం మంది నేరుగా ఇక్కత్ కౌంటరుకే నడిచేవారు. అక్కడ ప్రసన్నలక్ష్మి ఉండేది. పోచంపల్లిలో మగ్గం పక్కనే పెరిగిన మనిషి. చీర అంచును వేళ్ల మధ్య నలిపి, అది నేసిందో అచ్చేసిందో చెప్పేసేది. అచ్చేసినదాన్ని నేత అని అమ్మమంటే యజమాని మహిపాల్‌తోనే గొడవకు దిగేది. ఆమె అబద్ధమాడదని ఊరంతా పేరు.

మహిపాల్ ఆ పేరునే వాడుకున్నాడు.

ప్రతి దసరాకూ షాపులో లక్కీ డ్రా ఉండేది. మూడు వేల రూపాయల బట్టలకు ఒక కూపన్, మొదటి బహుమతి కారు. పండగ మర్నాడు షాపు ముందు షామియానా వేసి, అద్దాల డబ్బాలోంచి చీటీ తీయించేది ప్రసన్నలక్ష్మి చేతనే. కిందికి దిగే ముందు, పై గదిలో, మహిపాల్ ఆమె వేళ్ల సందున మడిచిన చీటీ ఒకటి పెట్టేవాడు. అందులో అతని బావమరిది దోస్తు పేరేదో ఉండేది. కిరాయికి తెచ్చిన కారు ఫొటోలు దిగాక వెళ్లిపోయేది.

మొదటిసారి ఆమె కాదంది. "డ్రా ఉంటేనే గిరాకీ అక్కా. గిరాకీ ఉంటేనే మీ అందరి జీతాలు" అన్నాడు మహిపాల్. మూడేళ్లు తీసింది. చప్పట్లు కొట్టే జనాన్ని చూస్తే ఆమెకు ఒళ్లు మండేది, ఇంత తేలిగ్గా ఎట్లా నమ్ముతారని. నిజానికి ఆ మంట తన మీదే.

నాలుగో ఏడు, డ్రాకు ముందురోజు, విశ్వేశ్వరరావు అనే పెద్దాయన కౌంటరు మీద చీరల సంచి విసిరికొట్టాడు. భీమవరం నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడ్డ రిటైర్డ్ ఉద్యోగి. అంతకుముందు వారం ఆయన భార్య కుసుమకుమారి ఒక్క చీర కోసం వచ్చి, ఇంకొకటి తీసుకుంటే ఇంకో కూపనని ప్రసన్నలక్ష్మి చెప్పగా, ఐదు కొనుక్కుని వెళ్లింది.

"మీ డ్రాకి సాక్షులెవరండీ? కేరళలో ఉద్యోగం చేశాను నేను. అక్కడ లాటరీ గవర్నమెంటే నడుపుతుంది. జనం ముందు, జడ్జీల ముందు మిషను తిప్పుతారు. స్పెయిన్‌లో అయితే బడిపిల్లల చేత నంబర్లు చదివిస్తారట. ఎందుకూ? ఎవణ్ణీ నమ్మలేక! ఇక్కడ లాటరీలే నిషేధం. మీరు దానికి పేరు మార్చి మా ఆవిడ చేత చీరలు కొనిపించారు."

మహిపాల్ వచ్చాడు. "ఇష్టం లేకుంటే కూపన్ చింపుకోండ్రి. లొల్లి జేస్తే బయట వడేపిస్త."

"చింపను. రేపు ముందు వరసలో నిలబడతాను."

మర్నాడు నిజంగానే నిలబడ్డాడు. పై గదిలో మహిపాల్ చీటీ చేతిలో పెడుతుంటే ప్రసన్నలక్ష్మి వెనక్కి జరిగింది.

"ఈసారి నాతోని గాదు సార్."

"మూడుసార్లు తీసినప్పుడు లేని నీతి ఇప్పుడేంది? నేను మునిగితే నిన్ను గూడ గుంజుకపోత, యాదివెట్టుకో."

ఆమెకు భయం కలగలేదు, అసహ్యం వేసింది. చీటీ తీసుకుని కిందికి దిగింది.

డబ్బా దగ్గరకు రాగానే విశ్వేశ్వరరావు అరిచాడు. "అమ్మా, ముందు మీ చెయ్యి చూపించండి!"

"కూసో తాతా!" అన్నారెవరో. జనం నవ్వారు. మహిపాల్ మైకందుకున్నాడు. "మా అక్క మీదనే అనుమానమా?"

ప్రసన్నలక్ష్మి పిడికిలి విప్పి చీటీ చూపించి, అతని చేతిలోంచి మైకు లాక్కుంది. "గీ చీటీ నాకు పైన ఇచ్చిండ్రు. మూడేండ్లు గిట్లనే తీసిన. తెలిసే తీసిన."

కుర్చీలు లేచాయి, డబ్బా పగిలింది. మహిపాల్ షాపులోకి పరిగెత్తి షట్టర్ దింపుకున్నాడు. జనానికి దొరికింది ఆమే. కూపన్లు ఉండచుట్టి ముఖాన కొట్టారు. ఎవరో జుట్టు పట్టుకున్నారు. కుసుమకుమారి దగ్గరకొచ్చి, "నిన్ను చూసి కొన్నానే!" అని ఉమ్మేసి పోయింది.

పోలీస్ స్టేషన్‌లో ఎస్సై అడిగాడు. "మూడేండ్లు ఎందుకు ఊకున్నవ్?"

"జీతం కోసం సార్."

అట్లాగే రాసుకున్నాడు. మహిపాల్ మొదటి నిందితుడు, ఆమె రెండో నిందితురాలు. షాపు మూతపడింది. పన్నెండేళ్లు పక్క కౌంటరులో నిలబడ్డ అండాలమ్మ స్టేషన్ గేటు దగ్గరే కాచుకుని ఉంది. "నీ పాపం కడుక్కోనీకె మా పొట్ట గొట్టినవ్ గదనే!"

ఆ తర్వాత ఏ చీరల షాపూ ఆమెను పనిలో పెట్టుకోలేదు. ఇప్పుడు ఎల్బీనగర్‌లో ఒక చిన్న గదిలో చీరలకు ఫాల్ కుడుతోంది. మహిపాల్ మాత్రం ఆరు నెలల్లోనే మూసారాంబాగ్ దగ్గర భార్య పేరు మీద కొత్త షాపు తెరిచాడు. మొన్న స్వయంగా వచ్చి ఆమె గది గుమ్మంలో నిలబడ్డాడు.

"చీటీ నా అంతట నేనే వెట్టుకున్న అని చెప్పు కోర్టుల. లేకుంటే ఇద్దరం పోతం జైలుకు. వకీలు నీ పేరు ఎట్లనన్న తీపిస్తడు."

కుట్టుమిషను ఆపకుండానే ఆమె అంది. "నా పేరు ఉండనియ్యి సార్. నీ పేరు గూడ ఉంటది."

అతను తిట్టుకుంటూ మెట్లు దిగాడు. వచ్చే సోమవారం కోర్టులో వాయిదా ఉంది. ఆ రోజుకు ఆమె కుట్టుపని ఏదీ ఒప్పుకోలేదు.