వంటింటి గోడలోని రెండో తీగ

మలాంగ్ ఊళ్ళోని ఆ ఇరుకు సందులో ఎవరింట్లో లైటు వెలగకపోయినా పాక్ దార్సోనోకే కబురొచ్చేది; పెద్ద మగవాళ్ళను అక్కడ పాక్ అనే పిలుస్తారు. ఆయన రైల్వే వర్క్‌షాపులో కరెంటు పనిచేసి రిటైరైన మనిషి. పని ఊరికే చేసిపెడతాడు గానీ ఉపన్యాసం మాత్రం వినాల్సిందే. స్విచ్చి ఆపితే చాలదు, మెయిన్ కట్టెయ్యాలి. టెస్టర్‌ని నమ్మేముందు అది పనిచేస్తోందో లేదో కరెంటున్న ప్లగ్గులో పెట్టి చూసుకోవాలి. తీగ తెంపేముందు దాని రెండో కొస ఎక్కడుందో కళ్ళారా చూడాలి. ఈ పాఠం సందులో అందరికీ కంఠతా వచ్చు. తన పేరుకు మచ్చ లేదని ఆయనకు మహా గొప్ప.

భార్య మార్సిని పోయిన మరుసటి ఏడు కూతురు వెనింగ్ వంటిల్లు బాగుచేయిస్తానని వచ్చింది. వెనక గోడకు తుప్పుపట్టిన ట్యూబులైటు పట్టీ ఒకటి వేలాడుతోంది. అది వెలిగి ఏళ్ళయింది.

"ఇది తీయించెయ్ నాన్నా, నెత్తిన పడేలా ఉంది. ఎవరినైనా పిలవనా?"

"ఎవర్ని పిలుస్తావే? నన్ను మించిన మొనగాణ్ణా?"

రబ్బరు చెప్పులేసుకుని చెక్క స్టూలెక్కాడు. టెస్టర్‌ని పక్క ప్లగ్గులో పెట్టి అది వెలగడం చూశాడు. మెయిన్ కట్టించి, పట్టీ తీగలు రెంటినీ తాకించి, వెలగలేదని తేల్చుకున్నాకే స్క్రూలు విప్పాడు. పట్టీని వెనింగ్ కింద నుంచి పట్టుకుని దించింది. దాని వెనక పెట్టెలో చూస్తే, వచ్చిన తీగలకే ఇంకో సన్నటి జత మెలిపెట్టి, టేపు చుట్టి ఉంది. ఆ జత అటక మీదికి పోతోంది.

"ఏ గాడిద వేశాడో ఈ ముడి! కొంపలు తగలబడేది ఇలాంటి పనులవల్లే."

"అదెక్కడికి పోతోంది నాన్నా?"

"ఎక్కడికీ పోదు. పాత చెత్త."

చూడలేదు. చూడాలంటే నిచ్చెన తెచ్చి అటకెక్కాలి. మోకాళ్ళ నొప్పి ఒకటి, కూతురి ముందు నాకు తెలియదని ఎలా అనడమన్న బడాయి ఒకటి. మీటరు పక్క పెట్టె దగ్గరే ఆ లైను విప్పేసి, కొసలకు మూతలు బిగించి, గోడలోని తీగ మొత్తం లాగేశాడు. అటకకు పోయే జతను కత్తిరించి, కన్నం సిమెంటుతో పూడ్చాడు. "వాడని తీగ గోడలో ఉంచకూడదమ్మా, రేపెవరో అక్కడే మేకు కొడతారు" అని మరో పాఠం చెప్పాడు. పాఠంలో తప్పేమీ లేదు.

వెనకింట్లో పాయినా ఒంటరిగా ఉంటుంది. సోయా గింజలు ఉడికించి, పులియబెట్టే మందు కలిపి, అరిటాకుల్లో పొట్లాలు కట్టి టెంపే అమ్ముకుంటుంది. స్థలానికి కాగితాలు లేవని ఆవిడకు మీటరు ఇవ్వలేదు. రోజూ తెల్లారేసరికి దార్సోనో గడప మీద ఒక పొట్లం ఉండేది. చనిపోయిన స్నేహితురాలి మీద అభిమానం కాబోలు అనుకుని, వేయించుకుని తినేవాడు.

ఆ వారం పొట్లాలు వదులుగా వచ్చాయి. ఒకదాంట్లో పొట్టు కూడా తగిలింది. మూలనున్న పాక్ గిమాన్ కొట్టు దగ్గర పాయినా ఎదురుపడగానే దార్సోనోకు హుషారొచ్చింది.

"ఏం పాయినక్కా, ఈ మధ్య పొట్లాలు కట్టేది నువ్వా, మీ కోళ్ళా?"

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. "కళ్ళు సరిగా ఆనడం లేదు పాక్. రేపు గట్టిగా కడతాలెండి."

మర్నాడు పొద్దుగూకి మగ్రిబ్ నమాజు కాగానే పాయినా వచ్చింది. పండక్కి వేసుకునే కెబాయా రవిక తొడుక్కుంది. చేతిలో మూతపెట్టిన గిన్నె ఉంది. కుర్చీ చూపించినా అంచునే కూర్చుంది.

"నావల్ల ఏం తప్పు జరిగిందో తెలీదు పాక్. ఏదైనా మాట తూలుంటే మన్నించండి."

నిన్నటి వేళాకోళానికి నొచ్చుకుందనుకున్నాడు. "అబ్బే, మన్నించడానికేముందక్కా" అన్నాడు పెద్దమనిషిలా.

"దీపం మీది, తీసేసుకున్నారు. ఇన్నేళ్ళు ఇచ్చారు, అదే పదివేలు. కిరసనాయిలు బుడ్డితో సర్దుకుంటున్నాను. మీ కోపం మాత్రం నామీద ఉండకూడదు."

ఏ దీపం అని అడగబోయాడు. అటక మీదికి పోయిన సన్నటి తీగల జత కళ్ళముందు మెదిలింది.

"మీరు సురబాయ ఊళ్ళో పనిమీద ఉన్నప్పుడు మార్సినమ్మ వేయించింది కదా" అంది పాయినా. "పక్కింట్లో చీకటుంటే మా ఆయనకు నిద్రపట్టదు, ఆయనే వేయించమన్నారు అంది. పొద్దున్నే దీపం వేసినప్పుడల్లా మీ ఇద్దరినీ తలుచుకునేదాన్ని."

పాయినాకు ఒక దీపం ఇద్దామని మార్సిని అడిగిన మాట నిజమే. కరెంటు పంచడానికి ఇదేమన్నా సత్రమా అని ఆయన కసిరిన మాట కూడా నిజమే. ఆమె మళ్ళీ ఆ ఊసెత్తలేదు. పంతం నెగ్గిందని ఇన్నేళ్ళూ మురిసిపోయాడే గానీ, వెనకింట్లో దీపం ఎక్కడిదని ఒక్కనాడూ ఆలోచించలేదు. తన మంచితనమంతా భార్య తన పేరుమీద అల్లిన అబద్ధమని ఇప్పుడు తెలిసింది.

నాకు తెలియదు పాయినక్కా అనడానికి నోరు తెరిచాడు. ఆ ఒక్క మాటతో తన మీది నింద పోతుంది. కానీ ఇంటాయనకు తెలియకుండా ఇన్నేళ్ళు కరెంటు వాడుకున్నానని ఈవిడ కుమిలిపోతుంది, దొంగనయ్యానని సందులో తలెత్తుకోదు. తెరిచిన నోరు మూసుకున్నాడు. "సరేలే పాయినక్కా" అని మాత్రం అన్నాడు, తనే క్షమించినట్టు. ఆవిడ తేలికపడి చీకటింటికి వెళ్ళిపోయింది. ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"తెలీదని చెప్పొచ్చు కదా నాన్నా! కావాలనే తీశావనుకుంటోంది" అంది లోపల్నుంచి అంతా విన్న వెనింగ్.

"అనుకోనీ. ఆవిడ దొంగ కావడం కంటే నేను దుర్మార్గుణ్ణి కావడమే నయం."

గిన్నెలో తియ్యటి టెంపే వేపుడు ఉంది. ఇద్దరూ దాన్ని ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్నే మెయిన్ కట్టేసి, మందమైన కొత్త తీగను పైపులో వేసి, విడిగా ఒక స్విచ్చి పెట్టి, గోడ మీద అందరికీ కనిపించేలా పాయినా ఇంటికి లాగాడు. చూడ్డానికి సందు సందంతా చేరింది.

"ఉన్న లైను ఎందుకు తీశావయ్యా మరి?" అన్నాడు గిమాన్.

"కోపమొచ్చి తీశాను."

"ముసల్దాని మీద కోపమేంటి? సిగ్గులేదూ?"

"ఉంది" అన్నాడు దార్సోనో, నిచ్చెన మీంచి కిందికి చూడకుండా.

ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు తలలు తిప్పుకుని వెళ్ళిపోయారు. చెవులు భగ్గుమంటున్నా స్క్రూలు బిగిస్తూనే ఉన్నాడు. బల్బు బిగించడానికి పాయినా ఇంట్లోకి వెళితే, పొట్లాలు కట్టే బల్ల మీద బుడ్డి మసి, అంచులు కాలిన అరిటాకులు ఉన్నాయి. కోళ్ళు కట్టాయన్న తన మాటే గుర్తొచ్చి, భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

మెయిన్ వేయగానే బల్ల మీది బల్బు వెలిగింది. పాయినా చేతులు జోడించింది.

"నా తప్పేంటో చెప్పండి పాక్. మళ్ళీ జరక్కుండా చూసుకుంటాను."

"నీ తప్పేం లేదక్కా. నా బుద్ధే అంత. మొదట్నుంచీ నేనింతే."

పాయినా బల్బు వంక చూసి, ఆయన వంక చూసింది.

"మార్సినమ్మ ఒక్కనాడూ అలా చెప్పలేదే" అంది.